అదృష్టమా? మన చేతలా?



మన ఆడవాళ్ళం నలుగురం ఒకచోట చేరితే పది మాటలకు ఒకసారైనా వినిపించే మాట "నా ఖర్మ". పాలు విరిగితే నా ఖర్మ, పిల్లవాడు పరీక్ష తప్పితే నా ఖర్మ, పొయ్యిమీద పప్పు మాడినా నా ఖర్మే. అదే పక్కింటావిడ కూతురు ఉద్యోగంలో చేరిందనుకోండి, "ఆవిడ అదృష్టం, ఏం చేస్తాం" అంటాం. ఆ పిల్ల పదేళ్ళపాటు దీపం ముందు కూర్చుని చదివిన చదువు మనకు అప్పుడు గుర్తుకు రాదు.

ఇంకో రకం మాట కూడా వుంది. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అంటారు చూడండి, అది. ఎవరికి ఏ కష్టం వచ్చినా వాళ్ళు చేసుకున్నదే, బాగుపడితే వాళ్ళ గొప్పే అని ఈ మాట అర్థం. ఈమధ్య పుస్తకాల్లోనూ ఉపన్యాసాల్లోనూ దీన్నే "నీ బ్రతుకు నీ చేతుల్లోనే వుంది" అని కొత్తగా చెబుతున్నారు. వినటానికి బాగానే వుంటుంది. కాని రాత్రికి రాత్రే ఇల్లు నీళ్ళపాలైన మనిషి దగ్గరకు వెళ్ళి ఈ మాట అనగలమా?

మన పెద్దలు దీన్ని దైవం, పురుషకారం అని రెండుగా చెప్పారు. దైవమంటే మన చేతిలో లేనిది, పురుషకారమంటే మనిషి పూనుకుని చేసేది. బండికి రెండు చక్రాల్లాగా రెండూ వుండాలన్నారు. సరే, ఒప్పుకుందాం. అయితే ఏ చక్రం ఎంత తిరిగిందో తెలిసేదెలా? శాస్త్రాలు తెలిసిన పండితులు తేల్చలేని ఈ విషయాన్ని ఈ పావుగంటలో నేను తేలుస్తానని అనుకోకండి. మన నగర చరిత్రలోంచి ఒక్క రోజును తీసుకుని చూద్దాం. ఆ రోజు జరిగినదానిలో అదృష్టం ఎంత, మనుషుల చేతలు ఎంత అన్నది మీరే తూచి చెప్పండి.

ఆ రోజు 1908 సెప్టెంబరు 28.

అప్పటి హైదరాబాదు మూసీకి అటూ ఇటూ వున్న వూరు. దక్షిణాన చార్మినారు, పాతనగరం. ఉత్తరాన అఫ్జల్‌గంజ్, బేగంబజారు. మూసీ నిండుగా పారే జీవనది కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు సన్నని పాయ, పక్కన ఇసుక, బండలు. చాకళ్ళు బట్టలు ఉతుక్కునేవారు, పిల్లలు ఆడుకునేవారు. అటువంటి నదిని చూసి ఎవరికి భయం వేస్తుంది? అందుకని ఒడ్డుదాకా ఇళ్ళు వచ్చేశాయి. బీదవాళ్ళవి మట్టిగోడల ఇళ్ళు, పెంకుటిళ్ళు. అంతకుముందు కూడా మూసీ పొంగకపోలేదు. పొంగినప్పుడు నాలుగు రోజులు భయపడటం, నీళ్ళు తీయగానే మళ్ళీ అక్కడే గోడ లేపుకోవటం అలవాటైపోయింది.

ఆ సెప్టెంబరు చివర రెండు రోజులు వాన ఆగలేదు. నగరానికి దగ్గర్లోని శంషాబాదులో ఒక్క ఇరవైనాలుగు గంటల్లోనే పన్నెండున్నర అంగుళాలకు పైగా కురిసింది. ఎగువనుంచి వచ్చిన నీరు తెల్లవారేసరికి నగరంలోకి జొరబడింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ దెబ్బతిని కూలిపోయాయి. సుమారు 19,000 ఇళ్ళు నేలమట్టమయ్యాయి. 80,000 మందికి నిలువనీడ లేకుండా పోయింది. చచ్చిపోయినవారు పదిహేను వేలమంది వరకు వుంటారని అంచనా. వరద తీసిన తరువాత ఇల్లు ఎక్కడ వుండేదో గుర్తు పట్టటానికి గోడ కూడా మిగలని వాడలు ఎన్నో.

ఇక్కడిదాకా వింటే ఎవరైనా ఏమంటారు? "దైవికం. ప్రకృతి వైపరీత్యం. మనిషి చేతుల్లో ఏముంది?" అంటారు. అప్పుడూ అలాగే అన్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మూసీ ఒడ్డుకు వచ్చి నదికి హారతిచ్చి శాంతించమని వేడుకున్నాడని ఈనాటికీ పాతనగరంలో కథగా చెబుతారు. ఆ కథ సంగతి ఎలా వున్నా, రాజభవనాల తలుపులు తీయించి నిరాశ్రయులకు చోటిచ్చి గంజికేంద్రాలు పెట్టించటం మాత్రం చరిత్రలో వున్నదే.

ఆ వరదలో అదృష్టమనే మాటకు నిజంగా తగిన సంగతి ఒకటి వుంది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ అంటున్న చోట, ఒక పెద్ద చింతచెట్టు వుంది. నీళ్ళు మీదమీదకు వస్తుంటే దగ్గర్లోనివాళ్ళు ఆ చెట్టెక్కారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, సుమారు నూటయాభైమంది. కింద నది హోరెత్తిపోతుంటే కొమ్మలు పట్టుకుని, పసిపిల్లలను చంకనేసుకుని గంటల తరబడి ఉగ్గబట్టుకుని వున్నారు. చెట్టు కూలలేదు. అందరూ బ్రతికారు. వందేళ్ళు దాటాక కూడా ఏటా సెప్టెంబరు 28న ఆ చెట్టు కింద నలుగురు చేరి ఆనాటివారిని తలుచుకుంటూ వచ్చారు.

ఆ నూటయాభైమంది బ్రతకటం అదృష్టమే. చెట్టుకు ఎడంగా వున్నవాళ్ళు పోయారు, దగ్గరవున్నవాళ్ళు మిగిలారు. ఇందులో ఎవరి పాపపుణ్యాలూ లేవు. కాని ఆ చెట్టు ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా! ఎవరో ఒక గింజ పాతారు. ఆ తరువాత ఎంతమందో దాన్ని కొట్టకుండా వదిలేశారు. చెట్టెక్కిన మనిషికి అది అదృష్టం. నాటినవారి వైపునుంచి చూస్తే అది ఒక మంచి పని. అలాగే నదిమీది వంతెనల్లో మూడు కూలిపోయినా పురానాపూల్ నిలబడింది. దాన్ని 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టారు. మూడువందల ముప్ఫై ఏళ్ళ కిందట రాయిమీద రాయి పేర్చిన పనివాళ్ళు పని గట్టిగా చేశారు.

చింతచెట్టు కథ చెప్పినప్పుడు దాని పక్కనే ఇంకొక మనిషిని కూడా తలుచుకోవాలి. ఉర్దూలో రుబాయీలకు పేరెన్నికగన్న అమ్జద్ హైదరాబాదీ అప్పటికి పడుచువాడు. ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకున్నాడు. ఇంట్లోవాళ్ళలో తనొక్కడే మిగిలాడు. ఆ తరువాత 1961దాకా బ్రతికి, కవిత్వం రాస్తూ గడిపాడు. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అన్న సామెత ఆయన విషయంలో పనికివస్తుందా? ఆ తల్లి ఏం చేసుకుంది? ఆ పసిపిల్ల ఏం చేసుకుంది? కష్టపడుతున్న మనిషిని చూసి "నువ్వు చేసుకున్నదే" అనటానికి మనకు నోరెలా వస్తుందో ఒక్కసారి ఆలోచించాలి.

మరి ఇదంతా ఉత్త దైవికమేనా? కాదని చెప్పినవాడు ఒకాయన వచ్చాడు.

ఆయన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పుట్టింది మైసూరు సంస్థానంలోనే అయినా, పూర్వీకులు మన తెలుగు నేలలోని మోక్షగుండం వాళ్ళు. బొంబాయి ప్రభుత్వంలో ఇంజనీరుగా పనిచేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, 1908లో విదేశాలు తిరుగుతున్నాడు. నిజాం ప్రభుత్వం కబురు పెట్టింది: వరద ఎందుకు వచ్చిందో చూడాలి, మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలో చెప్పాలి అని. పింఛను తీసుకుని హాయిగా తిరుగుతున్న మనిషి కాదనవచ్చు. ఆయన ఒప్పుకుని 1909లో హైదరాబాదు వచ్చాడు. వచ్చి నదినీ, దాని పైనున్న ప్రాంతాన్నీ కొలిపించాడు, పాత వానల లెక్కలు తీయించాడు.

ఆయన లెక్కలో తేలిన సంగతి వినండి. మూసీలోకి నీరు చేరే ప్రాంతంలో 788 చెరువులున్నాయి. ఆ రెండు రోజుల్లో వాటిలో 221 చెరువుల కట్టలు తెగాయి. మన తెలంగాణా చెరువులు గొలుసుకట్టు చెరువులని మీకు తెలుసు. పై చెరువు నిండి అలుగు దూకితే కింది చెరువుకు నీరు చేరుతుంది. కట్టలు బాగున్నంత కాలం ఈ ఏర్పాటంత మంచిది లేదు. కాని పై చెరువు కట్ట తెగిందంటే దాని నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందిదానిమీద పడతాయి. అది తట్టుకోలేదు, అదీ తెగుతుంది. రెండింటి నీళ్ళూ మూడోదానిమీద పడతాయి. పేకమేడలో ఒక ముక్క జారితే ఏమవుతుందో అదే అయింది. చివరికి సెకనుకు నాలుగు లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు నగరంమీదకు వచ్చింది.

వాన మన చేతిలో లేదు. అంత వాన ఆ రెండు రోజుల్లోనే, అక్కడే కురవటం ఎవరూ ఆపలేనిది. అది దైవం. కాని కట్ట గట్టిగా వున్నదా లేదా, అలుగుకు చాలినంత వెడల్పు వున్నదా లేదా అన్నవి మనుషులు చూసుకోవలసిన పనులు. నది మంచం ఎంతవరకు, మనిషి ఇల్లు ఎంతవరకు అనే గీత కూడా మనుషులు గీయవలసిందే. వీటిలో దేనిలోనూ ఆ చనిపోయిన పసిపిల్లకు ప్రమేయం లేదు. మనుషులు తీసుకున్న, లేక తీసుకోకుండా వాయిదా వేసిన నిర్ణయాలు ఆమెదాకా వచ్చేసరికి తలరాతగా మారాయి. ఇవాళ మీతో చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మనం అదృష్టమనో దురదృష్టమనో అనుకునేదానిలో చాలాభాగం మనకంటే ముందు ఎవరో చేసిన పని, లేక చెయ్యకుండా వదిలేసిన పని.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు ఏమిటంటే, నగరానికి ఎగువన మూసీమీద ఒకటి, దాని ఉపనది ఈసామీద ఒకటి జలాశయాలు కట్టమన్నాడు. వరద వస్తే ముందు అక్కడ ఆగాలి, తరువాత నెమ్మదిగా వదలాలి. దానితోపాటు నగరానికి తాగేనీరు కూడా దొరుకుతుంది. మనలో "గతజల సేతుబంధనం" అని ఒక మాట వుంది కదా, పోయిన నీళ్ళకు ఆనకట్ట కట్టటం, అంటే పనికిమాలిన పని అని అర్థం. ఆ మాట ఇక్కడ తిరగబడింది. పోయిన నీళ్ళను చూసి రాబోయే నీళ్ళకోసం ఆనకట్ట కట్టారు. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మధ్యలో 1912లో నగరాభివృద్ధి సంఘం ఏర్పడి రోడ్లు, మురుగు కాలవలు, నది ఒడ్డు బాగుచేసే పనులు చేపట్టింది.

తరువాత తరాలవాళ్ళు ఏమన్నారు? "హైదరాబాదువాళ్ళు అదృష్టవంతులు, గండిపేట నీళ్ళు తాగుతున్నారు" అన్నారు. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ వూరు వదిలి పోలేడని సామెతలాగా చెప్పుకునేవారు. కుళాయి తిప్పితే తియ్యటి నీళ్ళు రావటం అదృష్టమే, తాగినవాళ్ళకు. దాని వెనకాల ఒక ఇంజనీరు లెక్కలున్నాయి, ఒక ప్రభుత్వం పెట్టిన ఖర్చు వుంది, ఎండలో మట్టి మోసిన కూలి ఆడవాళ్ళ, మగవాళ్ళ చెమట వుంది.

ఇంజనీర్ల సంగతి సరే, ఇంట్లో వుండే ఆడవాళ్ళం మనం ఏం చెయ్యగలమని మీరు అడగవచ్చు. ఆ వరద నాటికి సరోజినీనాయుడు ఇరవైతొమ్మిదేళ్ళ ఇల్లాలు, నలుగురు పిల్లల తల్లి. వరద బాధితుల సహాయానికి ఆమె నడుం కట్టింది. ఆ సేవకు ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1919లో జలియన్‌వాలాబాగ్ దారుణం జరిగినప్పుడు ఆ పతకాన్ని తిరిగి ఇచ్చేసింది. వరద ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. ఇంటి గడప దాటటం, పతకం తిప్పి పంపటం మాత్రం ఆమె నిర్ణయాలు.

నదులు, వరదల సంగతి పక్కనపెట్టి, ఆడదాని రాత అని మనం అనేదాన్ని కూడా ఇదే తక్కెడలో తూచి చూద్దాం. పూర్వం ఏడెనిమిదేళ్ళ పిల్లకు పెళ్ళి చేసేవారు. ఆ కుర్రవాడు జ్వరం వచ్చి పోతే, ఊహ తెలియని ఆ పిల్ల జీవితాంతం విధవగా మూల కూర్చోవాలి. "దాని నుదుట అలా రాసివుంది" అనేవారు. జ్వరం రావటం రాతే అనుకోండి. కాని ఏడేళ్ళకు పెళ్ళి చెయ్యటం ఎవరి పని? మళ్ళీ పెళ్ళి చెయ్యకూడదన్న కట్టడి ఎవరిది? రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఈ ప్రశ్ననే నలుగురిముందు పెట్టినట్లయింది. వూరు వెలివేసినంత పనిచేసింది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ ఆ పనులన్నీ తన భుజాన వేసుకుంది. ఆ రోజు పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్లకు అంతకు నెల కిందట "రాత" అని చెప్పిన గోడ, నలుగురు మనుషులు పూనుకుంటే పక్కకు జరిగింది. ఆ తరువాత 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్ళికి పద్నాలుగేళ్ళు నిండాలంది. ఇప్పుడది పద్దెనిమిది. తరం తరానికీ మన ఆడపిల్లల నుదుటిరాత మారుతూ వచ్చిందంటే, రాసిన చెయ్యి ఒక్క బ్రహ్మదేవుడిదే కాదన్నమాట.

అయితే ఒకసారి మంచి పని చేసి చేతులు దులుపుకుంటే చాలదు. హైదరాబాదే దానికి సాక్ష్యం. ఆ రెండు సాగరాలను కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111వ నంబరు జి.వో. ఇచ్చి, చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా ఆంక్షలు పెట్టింది. 2022లో ఇంకో ఉత్తర్వుతో ఆ ఆంక్షలు ఎత్తివేస్తున్నామంది. నగరంలోపలి చెరువుల సంగతి మీకు తెలియనిది కాదు. చెరువు శిఖంలో ప్లాట్లు, నాలాల మీద గోడలు. 2020 అక్టోబరు 13న పెద్దవాన వచ్చింది. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో ముప్ఫైరెండు సెంటీమీటర్లు కురిసింది. పాతనగరం వైపు పల్లె చెరువు కట్ట తెగింది, కొద్దిరోజుల్లోనే గుర్రం చెరువు కట్ట తెగింది. ఇళ్ళల్లో నడుములోతు నీళ్ళు, కొట్టుకుపోయిన మనుషులు. 1908లో చెరువు కట్టలు తెగి మునిగిన నగరం, నూటపన్నెండేళ్ళ తరువాత కూడా చెరువు కట్టలు తెగి మునిగింది. అప్పు చేసి ప్లాటు కొనుక్కున్న చిన్న ఉద్యోగి దాన్ని దురదృష్టమనుకున్నాడు. అది చెరువు అని తెలిసి అమ్మినవాడు, తెలిసి అనుమతి ఇచ్చినవాడు కూడా దాన్ని దురదృష్టమనే అన్నారు. ఒకే మాట, కాని ఇద్దరి నోట ఒకటే అర్థం కాదు. మొదటివాడికి అది బాధ, రెండోవాడికి అది సాకు.

ఇప్పుడు మా జవహర్‌నగర్ సంగతి చెబుతాను. నగరానికి ఉత్తరాన, శామీర్‌పేట, మేడ్చల్ వైపు గుట్టలూ బండలూ వున్న చోట, మాజీ సైనికులకు ఇచ్చిన భూముల్లో మొదలైన వూరని పెద్దలు చెబుతారు. నెహ్రూగారి పేరు పెట్టుకున్నారు. తరువాత కూలీనాలీ చేసుకునేవాళ్ళు, అద్దెలు కట్టలేని చిన్న సంసారాలవాళ్ళు వచ్చి గూడు కట్టుకున్నారు. 2019లో మునిసిపల్ కార్పొరేషన్ కూడా అయింది. కాని జవహర్‌నగర్ అనగానే నగరంలో ఎవరికైనా గుర్తుకు వచ్చేది చెత్తకుప్ప. 2000 తరువాతి తొలి సంవత్సరాలనుంచి హైదరాబాదు మహానగరం చెత్తంతా ఇక్కడికే చేరుతూ వచ్చింది. మూడువందల ఎకరాలకు పైబడిన చోటు, కోటి టన్నులకు మించిన పాత చెత్త. దూరంనుంచి చూస్తే అదీ ఒక గుట్టే అనుకుంటారు.

దమ్మాయిగూడ, నాగారం వైపు ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి సాయంత్రమైతే కిటికీలు మూసుకోవలసి వచ్చింది. కుప్పకు దగ్గర్లోని మల్కారం చెరువు నీళ్ళు నల్లబడ్డాయి. బోరు నీళ్ళు రంగు మారాయి. అక్కడ పుట్టిన పిల్లకు ఇది ఏమిటి? తలరాత. తను ఎంచుకున్నది కాదు. తల్లిదండ్రులకు కూడా ఇంతకంటే మంచిచోట ఇల్లు కొనే స్తోమతు లేదు. కాని చెత్త వానలాగా ఆకాశంనుంచి పడలేదు. లారీల్లో వచ్చింది. ఆ లారీల్లోకి మన గుమ్మాల ముందునుంచి, మన బుట్టలోంచి వచ్చింది.

మన ఇళ్ళల్లో అలవాటుగా జరిగేది చూడండి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కాఫీపొడి పిప్పి, పాల ప్యాకెట్టు, పాత బ్యాటరీ, మందుల సీసా అన్నీ ఒకే సంచిలో వేసి ముడి వేస్తాం. ఈ కలగలుపు వల్లనే తంటా. తొక్కలు, అన్నం విడిగా వుంటే గాలి తగిలి రెండుమూడు నెలల్లో మట్టిగా, మంచి ఎరువుగా మారతాయి. ప్లాస్టిక్ కింద అణిగి, గాలి ఆడని కుప్పలో పడితే కుళ్ళుతాయి. కుళ్ళినప్పుడు అంటుకునే గుణమున్న మీథేను అనే వాయువు పుడుతుంది. కుప్పలు తమంతట తామే తగలబడి రోజుల తరబడి పొగ చిమ్మటానికి అదొక కారణం. ఆ కుప్పమీద వాన పడితే నీరు లోపలికి ఇంకి, బ్యాటరీలలోని లోహాలనూ మందుల రసాయనాలనూ కడుక్కుంటూ నల్లని కషాయంలాగా కిందికి కారుతుంది. అదే భూమిలోకి, చెరువులోకి వెళుతుంది. 2020 ప్రాంతంలో పాత కుప్పమీద మట్టి, ప్లాస్టిక్ పొరలు కప్పారు. అదే ఏడు అక్కడ చెత్తతో కరెంటు తీసే కేంద్రం 19.8 మెగావాట్ల సామర్థ్యంతో మొదలైంది. మంచిదే. కాని తడిచెత్త కలిసిన సరుకు పొయ్యిలో పచ్చికట్టెలాంటిది. సరిగా మండదు. అక్కడ ఎంత గొప్ప యంత్రం పెట్టినా, మన వంటింట్లో జరగవలసిన పని వంటింట్లోనే జరగాలి.

2016లో వచ్చిన నిబంధనల్లో తడిచెత్త, పొడిచెత్త, ప్రమాదకరమైన చెత్త వేరు వేరుగా ఇవ్వాలని రాశారు. చట్టం రాయటం ప్రభుత్వం పని, రెండు బుట్టలు పెట్టటం మన పని. ఒక పాత బకెట్‌లో తొక్కలు, మిగిలినవి. ఇంకో సంచిలో కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, కాగితాలు, సీసాలు. బ్యాటరీలు, పాడైన బల్బులు, పాత మందులు ఒక డబ్బాలో విడిగా. పెరడు వున్నవాళ్ళు తొక్కలు ఒక మట్టికుండలో వేసి, మీద ఎండుటాకులు, పిడికెడు మట్టి చల్లుతూ వుంటే తులసికోటకు, గులాబీకి సరిపడా ఎరువు. అపార్ట్‌మెంటులో వుండేవాళ్ళు బాల్కనీలో పెట్టుకోవచ్చు. కుండకు చిల్లులుండాలి, మరీ తడిగా వుండకూడదు, అంతే. దీనికి రోజుకు పది నిమిషాలు పట్టదు.

"నేనొక్కదాన్ని చేస్తే ఏమవుతుందమ్మా, వూరంతా చెయ్యాలిగాని" అని మీలో కొందరు అనుకుంటూ వుంటారు. నిజమే, ఒక్క ఇంటితో కుప్ప తరగదు. అడగవలసినవాళ్ళను అడగటం కూడా మన పనే. మీరు విడిగా ఇచ్చిన చెత్తను బండిలో మళ్ళీ కలిపేస్తుంటే ఊరుకోకండి. మీ కాలనీ సంఘం సమావేశంలో లేచి నిలబడి అడగండి. మీ పేటలో చెరువు శిఖం కొలిచి రాళ్ళు పాతారా అని అడగండి. ఇల్లు కొనే ముందు వాస్తు ఎలా చూపిస్తామో, ఆ స్థలం ఒకప్పుడు చెరువా, నాలా దారా అని పాత పటం కూడా అలాగే చూపించమనండి.

అదృష్టం లేదని నేననను. ఏ ఇంట పుట్టామో, ఏ రోజు వాన పడిందో, పక్కన చింతచెట్టు వుందో లేదో మన చేతుల్లో లేదు. అందుకే బాగున్నవాళ్ళం గర్వపడటానికి లేదు, చితికిపోయినవాళ్ళను నిందించటానికి లేదు. అలాగని అంతా రాత అని చేతులు ముడుచుకోవటానికీ లేదు. ఇకమీదట ఎవరికైనా కష్టం వచ్చిందని వింటే "పాపం, వాళ్ళ ఖర్మ" అని నిట్టూర్చి ఊరుకోకుండా, ఇందులో ఎవరు చెయ్యవలసిన పని ఎవరు చెయ్యలేదు అని ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ చెయ్యనివాళ్ళలో మనమూ వున్నామేమో కూడా చూసుకుందాం.

రేపు పొద్దున కూర తరిగినప్పుడు ఆ తొక్కలు ఏ బుట్టలో వేస్తామన్నది మన ఇష్టం. మల్కారం పిల్లకు మాత్రం అది ఇష్టం కాదు, రాత.